ముందు లైబ్రరీకా, ఊరికా? కోయ, గోండు చరిత్రల పరిశోధన మీద ఒక వాదోపవాదం

హనుమకొండలో చరిత్ర పరిశోధకులు నలుగురు ఒకచోట చేరితే తప్పకుండా లేచే తగువు ఇది. కోయల మీదో, గోండుల మీదో, లంబాడాల మీదో రాయాలనుకునేవాళ్లు ముందు యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చోవాలా, సంచి సర్దుకుని ఊరికి పోవాలా? ఇక్కడ రెండు గొంతులను ఎదురెదురుగా నిలబెట్టాను. ఒకరు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన లైబ్రేరియన్. ఇంకొకరు తాడ్వాయి వైపు నుంచి వచ్చి చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న కోయ యువకుడు. పేర్లు పెట్టలేదు. ఈ మాటలు ఏ ఒక్కరివో కావు, చాలామంది నోట వినేవే. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలుస్తుంది, దాచుకోను.

పరిశోధకుడు: మేడమ్, ముందు ఒక చిన్న ప్రశ్న. మన లైబ్రరీల్లో పుస్తకాలను విషయాల వారీగా పెట్టడానికి ఎక్కువగా డ్యూయీ నంబర్లే కదా. కాకతీయుల మీద పుస్తకం కావాలంటే ఏ బీరువా దగ్గరికి పోవాలి?

లైబ్రేరియన్: 954. భారతదేశ చరిత్ర అక్కడే.

పరిశోధకుడు: సమ్మక్క సారలమ్మల కథ?

లైబ్రేరియన్: చాలా చోట్ల 398. జానపదం.

పరిశోధకుడు: మరి మేము, కోయలం?

లైబ్రేరియన్: 305.8. జాతులు, తెగలు.

పరిశోధకుడు: అదే నా బాధ. ప్రతాపరుద్రుడికి కప్పం కట్టనన్నందుకు యుద్ధం వచ్చిందని, ఆ యుద్ధంలో సమ్మక్క పోరాడిందని మేం చెప్పుకుంటాం. ఒకే యుద్ధానికి రెండు పక్షాలు. రాజుగారేమో చరిత్రలో, మా తల్లేమో కథల్లో. ఇక మేమంటే చరిత్ర లేని జాతి అన్నట్టు ఇంకో మూల. లైబ్రరీలో అడుగు పెట్టకముందే తీర్పు చెప్పేసిన చోటికి నేను ముందెందుకు రావాలి?

లైబ్రేరియన్: తమ్ముడూ, ఆ నంబర్లు మనల్ని చూసి చేసినవి కావు. 1876లో అమెరికాలో పుట్టిన పద్ధతి అది. అందులో అన్యాయం ఉంది, నేను కాదనను. అందుకే నా దగ్గరికి వచ్చిన స్కాలర్లకు ఎప్పుడూ చెప్పేదాన్ని, ఒక్క బీరువా చూసి వెనక్కి పోకండి అని. 954 చూడు, 398 చూడు, 305.8 చూడు. భూమి తగాదాలున్న పుస్తకాలు 333లో ఉంటాయి, అదీ చూడు. కేటలాగ్‌లో ఇవాళ్టి పేరు ఒక్కటే కొట్టొద్దు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలుగా అచ్చయిన థర్స్టన్ పుస్తకంలో మీ వాళ్లు ‘కోయి’ అని ఉంటారు. లంబాడాల కోసం బంజారా, సుగాలి, బ్రింజారీ అనీ వెతకాలి. ఆసిఫాబాద్ కాగితాల కోసం సిర్పూర్ తాండూర్ అని వెతకాలి. ఇదంతా చేశాక ఏమీ లేదంటే అప్పుడు ఒప్పుకుంటా.

పరిశోధకుడు: ఇంత చేసి దొరికేదేంటి? బయటివాడు మా గురించి రాసింది. నిజాం రాజ్యంలో కులాలు, తెగల మీద 1920లో సిరాజుల్ హసన్ రాసిన పుస్తకమైనా, థర్స్టన్ అయినా, మా ఊళ్లో మనిషి కూర్చుని చెప్పుకున్నది కాదు. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ సంగతే తీసుకోండి. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్‌ను చంపేశాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు ఆయనను పంపింది. సర్కారుకు కావాల్సిన ప్రశ్నలు, సర్కారుకు పనికొచ్చే జవాబులు.

లైబ్రేరియన్: అక్కడ ఆగు. హైమండార్ఫ్ ఎవరి పని మీద వచ్చాడో నువ్వు చెప్పింది నిజమే. కానీ 1948లో వచ్చిన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకం నిజంగా తెరిచి చూశావా? అందులో గోండుల పుట్టుక గాథలు ఉన్నాయి. అవి ఆయన సొంతంగా అల్లినవి కావు. గోండుల దగ్గర తరతరాలుగా పాడే పర్ధాన్‌లు చెప్పినవి. కీక్రీ అనే తీగవాద్యం వాయిస్తూ పాడిన ఆ మనుషులు ఇప్పుడు లేరు. వాళ్లు 1940లలో ఎలా చెప్పారో తెలుసుకోవడానికి ఇవాళ ఆ పుస్తకం, ఆయన డైరీలు, ఫొటోలే ఆధారం. అవేమో లండన్‌లో సోయాస్ యూనివర్సిటీలో ఉన్నాయి. పర్ధాన్ ఇంట్లో పుట్టిన పిల్లవాడు తన ముత్తాత పాటకు చేరాలంటే ఏదో ఒక లైబ్రరీ గడప తొక్కాల్సిందే.

పరిశోధకుడు: అదే నేనూ అంటున్నా! వాళ్ల ముత్తాత పాట లండన్‌లో ఎందుకుండాలి? హైమండార్ఫ్ పనిచేసిన మార్లవాయిలో ఎందుకు లేదు?

లైబ్రేరియన్: ఉండాలి. దానికోసం కొట్లాడాలి. అయితే అది అక్కడ ఉందన్న సంగతి తెలిసినవాడే కొట్లాడగలడు.

(ఈ చోట నేను ఆమె పక్షం. 1943లో మార్లవాయిలో గోండు పిల్లల కోసం బడి, గోండు టీచర్లకు శిక్షణ మొదలయ్యాయి. ఆ ఊరికి ఈ పరిశోధనతో ఉన్న సంబంధం చదవకుండా పోతే, పోయినవాడు హైమండార్ఫ్ సమాధికి ఒక ఫొటో తీసుకుని తిరిగొస్తాడు.)

పరిశోధకుడు: సరే, గోండులకు హైమండార్ఫ్ ఉన్నాడు. మేడారానికి ఎవరున్నారు? హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. రామప్ప గుడి 1213 నాటిది. రాళ్ల మీద ఏం రాశారు? గుడి కట్టారు, చెరువు తవ్వించారు, ఫలానా భూమి దానమిచ్చారు. పన్ను కట్టనన్నవాళ్లు శాసనం వేయించరు కదా మేడమ్. శాసనాల సంపుటాలు ఎన్ని తిరగేసినా మా వైపు మాట దొరకదు. అదే డోలి కళాకారుడి దగ్గర కూర్చోండి. బట్ట మీద గీసిన బొమ్మలు పరిచి, ఒక్కో బొమ్మ మీద చెయ్యి పెట్టి, ఏ గట్టు, అంటే ఏ వంశం ఎవరిది, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరికి ఎవరు ఏమవుతారు, అంతా పాడతాడు. జాతరలో సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి తెస్తారు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి. ఆ దారుల్లో పూజారుల వెంట నడిచి చూడండి, ఏ ఊరికి ఏ ఊరితో పొత్తు ఉండేదో కాళ్లకే తెలుస్తుంది. ఇది ఏ బీరువాలో ఉంది?

లైబ్రేరియన్: ఏ బీరువాలోనూ లేదు. ఒప్పుకున్నా. కానీ నన్నొకటి అడగనివ్వు. నువ్వు ఇప్పుడు చెప్పిన కథలో మీ తాత చెప్పింది ఎంత? జాతర క్యాసెట్లలో విన్నది ఎంత? బస్టాండ్‌లో అమ్మే చిన్న పుస్తకాల్లోది ఎంత? 1996లో అది రాష్ట్ర పండుగ అయింది. అప్పటినుంచి ప్రతి జాతరకూ పేపర్లు, టీవీలు ఒకే కథను ఒకే వరసలో చెబుతున్నాయి. ఇవాళ ఊళ్లో పెద్దమనిషిని అడిగితే ఆయనా అదే వరసలో చెప్పొచ్చు. అది ఆయన తప్పు కాదు. కానీ పాతది ఏది, కొత్తగా వచ్చి చేరింది ఏది అని నువ్వు ఎలా తేల్చుకుంటావు? టీవీలు రాకముందు అచ్చయిన పత్రికలు, పాత గెజెటీర్లు, జనాభా లెక్కల సంపుటాలు, వాటిలో జాతర గురించి దొరికే ఒక్కో వాక్యం దగ్గర పెట్టుకుంటేనే డోలి పాటలో ఉన్న పాతదనం నీకు పట్టుబడుతుంది. మీ పాట ఎంత పాతదో చూపించడానికే నీకు లైబ్రరీ కావాలి.

పరిశోధకుడు: (కాసేపు ఆగి) ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. కానీ పాత పత్రిక రాసినవాడు కూడా హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో కూర్చున్న చదువరే. వాడు వదిలేసింది పాటలో ఉండొచ్చు. వాడి వాక్యంతో పాటను కొలవడం నాకు నచ్చదు.

లైబ్రేరియన్: కొలవకు. పక్కపక్కన పెట్టు. ఇంకో సంగతి విను, ఇది మీ ప్రాంతానిదే. ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న వెంకటాపురం, వాజేడు ఒకప్పుడు నూగూరు తాలూకా. అది మద్రాస్ ప్రెసిడెన్సీ కింద, గోదావరి ఏజెన్సీలో ఉండేది. భద్రాచలంతో పాటు అది ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. గోదావరికి ఇవతల ఉన్న మీ ఏటూరునాగారం వైపేమో నిజాం రాజ్యం. నదికి రెండు పక్కలా కోయలే, చుట్టరికాలూ ఉన్నాయి. కాగితాలు మాత్రం అవతలివి ఇంగ్లీషులో మద్రాస్ రికార్డుల్లో, ఇవతలివి ఉర్దూలో, ఇంకా పాతవైతే ఫారసీలో, హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో. ఇది తెలియకుండా మద్రాస్ రికార్డులు మాత్రమే చదివి ‘కోయల చరిత్ర’ అని రాస్తే సగం కోయలు మాయమైపోతారు.

పరిశోధకుడు: ఇది మాత్రం నాకు నిజంగా పనికొచ్చే మాట. మా మేనత్త వాళ్లది వాజేడు. కానీ ఉర్దూ ఎవరికొచ్చు మేడమ్? మా బ్యాచ్‌లో ఒక్కరికి రాదు. ఆర్కైవ్స్‌కు పోయి కాగితం చేతిలో పట్టుకుని ఏం చేయాలి?

లైబ్రేరియన్: నేర్చుకోవాలి. లేదా చదివి చెప్పేవాళ్లను పెట్టుకోవాలి. కనీసం నిజాం కాగితాల్లో వాడిన ఫసలీ సంవత్సరాలైనా తెలుసుకో. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అయితే నిజాం రాజ్యంలో కొత్త ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. కొమరం భీమ్ చనిపోయిన రోజు మీద రాతలు కలవడం లేదు. కొందరు సెప్టెంబరు అంటారు, కొందరు అక్టోబరు అంటారు. సెప్టెంబరైతే ఆ ఫైలు 1349 ఫసలీలో వెతకాలి, అక్టోబరు రెండో వారమైతే 1350లో. ఒకే ఏడాది ఫైళ్లు తెప్పించుకుని ఏమీ లేదని వచ్చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

పరిశోధకుడు: గోండులు ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు. వాళ్లకు ఏ అనుమానమూ లేదు.

లైబ్రేరియన్: నాకు ఆ పౌర్ణమీ కావాలి, ఆ ఫైలూ కావాలి.

పరిశోధకుడు: మేడమ్, ఇంద్రవెల్లి మాట కూడా అనుకుందాం. 1981 ఏప్రిల్ 20. గోండుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో 13 మంది పోయారని ప్రభుత్వం చెప్పింది. పౌరహక్కుల సంఘాలు ఆ లెక్క ఒప్పుకోలేదు, అంతకు ఎన్నో రెట్లని చెప్పాయి. లైబ్రరీలో పాత పేపర్ల బౌండు తెరిస్తే ఆ మర్నాడు కనబడేది సర్కారు లెక్కే. ఆ గూడేల్లో ఏ ఇంట్లో ఎవరు తిరిగి రాలేదో ఊరికి తెలుసు. అలాంటి చోట కాగితంతో మొదలుపెట్టినవాడు కాగితం వైపే ఒరుగుతాడు. నేను భయపడేది అందుకే. ముందు 13 అని చదివి పోయినవాడు, ఊళ్లో పేర్లు ఎక్కువ వినబడితే ‘అతిశయోక్తి’ అని రాసుకుంటాడు.

(ఈ మాట దగ్గర నేను అతని వైపు తిరిగాను. చదివి పోవడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. లైబ్రరీ పక్షాన మాట్లాడేవాళ్లు దీన్ని తేలిగ్గా దాటేస్తుంటారు.)

లైబ్రేరియన్: అది నిజం. దానికి నా దగ్గర మందు లేదు. పేపరుతో పాటు నిజనిర్ధారణ నివేదికలు, కరపత్రాలు కూడా లైబ్రరీలో ఉండాలని అడగడం ఒక్కటే తెలుసు. కరపత్రాలు ఎవరూ కొనిపెట్టరు, ఎవరూ బౌండు చేయించరు. ముందు పోయేవి అవే. కానీ ఇటువైపు కూడా చూడు. చదవకుండా పోయేవాళ్లు ఊరిని ఎంత సతాయిస్తారో నీకు తెలియదా? జాతర దగ్గర పడితే అందరూ మేడారం వచ్చి పూజారులను ఒకే ప్రశ్న అడుగుతారు. పీహెచ్‌డీ స్కాలర్లూ అదే అడుగుతారు. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పాత థీసిస్‌లు ఊరికే దొరుకుతున్నాయి, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అడిగేసినవేవో చూసుకుని, ఎవరూ అడగనిది అడగడానికి పోవచ్చు కదా. ఎనభై ఏళ్ల ముసలమ్మకు ఓపిక ఎంతుంటుంది? ఆ ఓపికను ‘మీ పండుగలేమిటి’ అన్న ప్రశ్న మీద ఖర్చుపెట్టిస్తావా?

పరిశోధకుడు: అదీ నిజమే. అయితే ఆమెకు ఎనభై ఏళ్లు. మీ థీసిస్‌లు వచ్చే ఏడాది కూడా ఉంటాయి. ఆమె ఉంటుందా? లైబ్రరీలో కుర్చీ దొరికితేనే గొప్ప. పొద్దున ఏడింటికే గ్రూప్స్ ప్రిపేరయ్యేవాళ్లు బ్యాగులు పెట్టేసుకుంటారు. వాళ్లను తప్పుపట్టను, ఉద్యోగం వాళ్లకు అవసరం. రిఫరెన్స్ పుస్తకం ఇంటికివ్వరు. జిరాక్స్ నాలుగు పేజీలకు మించి తీయనివ్వరు. 2025 జనవరి నుంచి ‘ఒకే దేశం ఒకే చందా’ కింద 13,000 దాకా పత్రికలు ప్రభుత్వ యూనివర్సిటీలకు తెరిచారు, బాగుంది. కానీ అవి పెద్ద పబ్లిషర్ల జర్నళ్లు. మాకు కావాల్సిన పాత తెలుగు పత్రికలు అందులో రావు.

లైబ్రేరియన్: రావు. వాటి కోసం 1904లో హనుమకొండలో పుట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి పాత గ్రంథాలయాల తలుపు తట్టాలి. ముసలమ్మ దగ్గరికి ముందు పో, నేను అడ్డం రాను. అయితే రికార్డ్ చేసుకొచ్చింది ఏం చేస్తావు? నీ ఫోన్‌లో పెట్టుకుంటావు. ఫోన్ పోతుంది. ఎంతమంది స్కాలర్లు తిరిగి తెచ్చిన గొంతులు అలా పోలేదు? లైబ్రరీకి చేరేది బౌండు చేసిన థీసిస్ ఒక్కటే. అందులో ఆమె మాట రెండు వాక్యాలు, అవీ ఇంగ్లీషులో. టేపులు కూడా లైబ్రరీకి ఇవ్వండి.

పరిశోధకుడు: గుంజాల సంగతి చూడండి. నార్నూర్ మండలంలోని ఆ ఊరి గోండి రాతప్రతులు ఇన్నాళ్లు నిలిచింది ఊళ్లో, గోండుల చేతుల్లో. లైబ్రరీలో కాదు.

లైబ్రేరియన్: నిజమే. ఆ రాతప్రతులు ఇంకోటి కూడా చెబుతున్నాయి. రాత బయటివాడిది, నోటిమాట మనది అని నువ్వు ఇందాకటి నుంచి అంటున్నావే, గోండులు తమ లిపిలో తామే రాసుకున్నారు. ఊరి పెద్దలు, యూనివర్సిటీ వాళ్లు కలిసి కూర్చుని పనిచేస్తే 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఇవాళ ఫోన్‌లో కొట్టొచ్చు.

పరిశోధకుడు: అయితే నా షరతు వినండి. డోలి పాటల్లో కొన్ని ఎప్పుడు పడితే అప్పుడు పాడేవి కావు. చావు దగ్గర పాడేది పెళ్లిలో పాడరు. అలాంటిది మీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఎవడో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ కూర్చుంటే మా ఊరు ఒప్పుకోదు. ఎవరు వినొచ్చు, ఎవరు వినకూడదు అన్నది ఊరు తేల్చాలి.

లైబ్రేరియన్: అందరికీ తెరిచి ఉండాలన్నది నా పని మొత్తం నమ్ముకున్న మాట తమ్ముడూ. తాళం వేసిపెట్టిన దాన్ని లైబ్రరీ అనడానికి నాకు మనసొప్పదు. కొన్నేళ్లు మూసి ఉంచి ఆ తర్వాత తెరిస్తే?

పరిశోధకుడు: ఎన్నేళ్లన్నది కూడా ఊరే చెబుతుంది. పాడినామె చెబుతుంది.

లైబ్రేరియన్: అయితే ఆ మాట కాగితం మీద రాయించుకుని రా. ఆమె వేలిముద్ర, గ్రామసభ సంతకాలు ఉండాలి. నువ్వూ నేనూ లేనప్పుడు ఆ బీరువా ముందు కూర్చునేవాళ్లకు మీ ఊరి నోటిమాట తెలియదు. నోటిమాట మీద ఒక్క రికార్డింగ్‌ కూడా తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.