లగ్గం పత్రిక చదివింది

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక లగ్గం పత్రిక పడింది. పిల్ల ఎవరో, పిల్లగాడు ఎవరో లేదు. ఫంక్షన్ హాల్ పేరు లేదు. ఫైలు పేరు చివర మాత్రం ‘ఏపీకే’ అని ఉంది. పంపింది దేవరకొండ చిన్నాయన. తెరవకపోతే నారాజ్ అయితడు. అందుకని మిర్యాలగూడ మేనత్త తెరిచింది, హాలియా బావ తెరిచాడు. ఒకరిద్దరు ఎవరి లగ్గమో తెలియకుండానే ‘శుభాకాంక్షలు’ అని పూలదండ బొమ్మ కూడా పెట్టారు.

నిజానికి ఇది పాత సంబంధమే. 2000 మేలో మనీలా నుంచి ‘ఐ లవ్ యూ’ అని ఒక వైరస్ బయలుదేరింది. ప్రేమలేఖే కదా అని ఈమెయిల్‌లో తెరిచినవాళ్ల అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ అదే ప్రేమలేఖ పోయింది. అప్పటి ప్రేమ ఇప్పటికి లగ్గం దాకా వచ్చింది. పెద్దలు ఒప్పుకోవడానికి పాతికేండ్లు పట్టినట్టుంది.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు. దొంగయాప్‌ను పత్రిక వేషంలో పంపితే దాన్ని ట్రోజన్ అంటారు. పాపం, ఫోన్ ఊరికే లోపలికి రానియ్యలేదు. చిన్నాయనను నిలబెట్టి అడిగింది. “ఇది ప్రమాదకరం కావచ్చు, ఎక్కించాలా?” “మనోళ్ల పత్రికే గదా.” ఓకే. “మీ కాంటాక్టులు చూడాలా?” “అందర్నీ పిలవాలె గదా.” అలౌ. “మీ మెసేజులు చదవాలా?” అలౌ. బిడ్డనిచ్చేటప్పుడు కూడా చిన్నాయన ఇన్నిసార్లు సరే అనలేదు.

పత్రికను మనం చదవాలి గానీ, పత్రిక మనల్ని చదువుడేంది? అది మెసేజులన్నీ చదివింది, ఓటీపీలు దొంగకు పంపింది, చదివింపులు పట్టుకొని పోయింది. ఐకాన్ కూడా మాయం.

దీనికంటే 2017 నాటి వానాక్రై వైరస్ నయం. కంప్యూటర్‌కు తాళం వేసి, ఎర్రటి తెర మీద 300 డాలర్లు కట్టమని మొహం మీదే అడిగింది. మూడు రోజులు దాటితే డబుల్. మన ఫైనాన్సోళ్ల పద్ధతే.

పోయినవి చిన్నాయన వడ్ల పైసలు. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో తేమ 17 శాతం దాటిందని కాంటా పెట్టకపోతే, కుప్ప దగ్గరే పడుకొని ఆరబోసి అమ్మిన వడ్లు. బ్యాంకుకు పోతే కుర్చీ చూపించకుండానే “ఓటీపీ మీరే ఇచ్చారు” అన్నారు. ఎవరికిచ్చాడు సార్? ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఏండ్ల తరబడి మీరే చెవిలో ఊదారు. ఆయన ఎవరికీ చెప్పలేదు, నోరే తెరవలేదు! ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా ఆయన నెత్తినే అని 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్‌లో రాశారు. ఆ ‘నిర్లక్ష్యం’ అనే ఒక్క మాట పట్టుకొని, రాత్రంతా వడ్లకు కావలి కాసిన మనిషిని నిర్లక్ష్యపోడని అనడానికి సిగ్గుండాలి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సిందట. ఆ నంబరు బ్యాంకు గోడ మీద ఉంది, క్యాలెండర్ వెనుక.

నిన్న మేనత్త నిజంగానే కొడుకు లగ్గం పత్రిక తెచ్చింది, నాలుగు మూలలకు పసుపు పెట్టి. చిన్నాయన కవర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి చిన్నమ్మ చేతిలో పెట్టాడు.

“నువ్వే తియ్యి.”