ఆగని లూపు చెప్పే పాఠం

మన ఇంజినీరింగ్ కాలేజీల మైక్రోప్రాసెసర్ ల్యాబులో ఇంటెల్ 8085 ప్రాసెసర్ కిట్ మీద మొదటి ప్రోగ్రాం దాదాపు ఎప్పుడూ కూడికే. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని 3ఈ, 05, 06, 03, 80 అని హెక్సా కీలు నొక్కుతారు. డిస్‌ప్లేలో 08 వస్తే సంతకం అయిపోయినట్టే. అయిదుకు మూడు కలిపితే ఎనిమిదని చెప్పడానికి ప్రాసెసర్ ఎందుకు? ఎనిమిది బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఎఫ్ఎఫ్‌కు 01 కలిపి చూడమనాలి. 00 వస్తుంది, పొంగిన అంకెను గుర్తుపెట్టే ఒక్క బిట్ గుర్తు, క్యారీ ఫ్లాగ్, 1 అవుతుంది. అడగాల్సిన ప్రశ్నలన్నీ అక్కడ పుడతాయి.

నాకైతే ఈ సబ్జెక్టు ఒక ఆగని లూపు దగ్గర అర్థమైంది. ఎల్ఈడీ వెలిగి ఆరాలి. మధ్యలో డిలే (ఆలస్యం) కోసం బీ, సీ రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి చిన్న గదుల) జతలో ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వేసి, డీసీఎక్స్ బీతో తగ్గిస్తూ, కింద, సున్నా కాకపోతే మళ్లీ వెనక్కి పొమ్మనే జేఎన్‌జెడ్ పెట్టాను. ఎల్ఈడీ వెలిగింది, ఆరలేదు. ‘మూవ్ ఏ, బీ, ఓఆర్ఏ సీ అని రెండు లైన్లు పెట్టు, పోతుంది’ అన్నాడు పక్క కిట్ అతను. నిజంగానే పోయింది. ఎందుకు పోయిందో అతనికీ తెలియదు.

జవాబు మేం థియరీ పరీక్షకు బట్టీపట్టిన, 8085 లోపలి భాగాలు చూపే బ్లాక్ డయాగ్రంలోనే ఉంది. డీసీఆర్‌తో ఒక్క రిజిస్టర్‌ను తగ్గిస్తే ఆ పని లెక్కలు చేసే విభాగం ఏఎల్‌యూ చేస్తుంది, ఫ్లాగులు మారతాయి. డీసీఎక్స్‌తో 16 బిట్ల జతను తగ్గించేది మాత్రం అడ్రస్ లాచ్ పక్కనున్న ఇంక్రిమెంటర్, డిక్రిమెంటర్. ఏఎల్‌యూకు ఆ సంగతే తెలియదు. ఫలితం సున్నా అయిందని చెప్పే జీరో ఫ్లాగ్ కదలకపోతే జేఎన్‌జెడ్ ఏం చూసి ఆగాలి? పక్క కిట్ అతని రెండు లైన్లు బీ, సీలను ఏఎల్‌యూ గుండా పంపాయి కాబట్టే ఫ్లాగ్ కదిలింది. ఆ డబ్బాను ఎన్నిసార్లు గీశానో! అదేం చేస్తుందో ల్యాబులో గానీ క్లాసులో గానీ ఎవరూ అడగలేదు.

1976 నాటి చిప్ ఇప్పుడెందుకన్న విమర్శ ఉంది. 2010లో బర్కిలీలో మొదలైన రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ఆర్కిటెక్చర్‌ను పెట్టమంటున్నారు. మద్రాస్ ఐఐటీ శక్తి ప్రాసెసర్లూ ఆ దారివే. పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. అందులో ఇలాంటి ఫ్లాగులే లేవు, బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షన్ రెండు రిజిస్టర్లను నేరుగా పోల్చుకుంటుంది. మరి 8085కు ఫ్లాగులెందుకు, దీనికెందుకు వద్దు? ఆర్కిటెక్చర్ క్లాసులో ఒక గంట దీనికే ఇవ్వొచ్చు. రికార్డు కాపీ కొట్టడమే ల్యాబైతే మాత్రం కొత్త కిట్లకు పెట్టిన డబ్బు దండగ.

ఎక్స్‌టర్నల్ పరీక్షలో చీటీ తీయించి ప్రోగ్రాం రాయమనే బదులు, ఆ ఆగని లూపును కిట్‌లో ఎక్కించి విద్యార్థి ముందు పెడితే చాలు. బాగుచేస్తే సగం మార్కులు. మిగతా సగం, తప్పు ఎక్కడుందో డయాగ్రం మీద వేలు పెట్టి చూపిస్తేనే.