కొబ్బరి మట్టా, ఇంచి టేపూ

సార్వా కోతలై దాళ్వా నాట్లు పడేలోపు మా కోనసీమలో ప్రతి చేనూ స్టేడియమే. మొన్న ఆదివారం అలాంటి ఓ చేలో, వరి మోళ్ల మధ్య జరిగిన ఘోరం గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. పదకొండేళ్ల కుర్రాడు కొబ్బరి మట్టతో బ్యాటింగ్ చేస్తుంటే, అంపైరుగా నిలబడ్డ డిగ్రీ కుర్రాడు చూస్తూ ఊరుకున్నాడు!

క్రికెట్ చట్టాల్లో ఐదోది చదవండి. బ్లేడు చెక్కతోనే ఉండాలి, వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదు. మట్ట చెక్క ఎలా అవుతుందండీ? పొయ్యిలో పెడతాం కదా అంటారేమో, అలాగైతే పిడక కూడా చెక్కే. 1979లో పెర్త్ టెస్టులో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ అంతటివాడు అల్యూమినియం బ్యాట్‌తో దిగితేనే మార్పించారు, మా వాడికేంటి మినహాయింపు? అదే అడిగితే, "పోనీలెండి మావయ్యా, చిన్నపిల్లలు" అన్నాడా అంపైరు. దీన్ని విచక్షణ అంటారట.

ఈ జబ్బు అమెరికాలోనూ ఉంది. మా మేనకోడలి కొడుకు అక్కడ లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల పోటీల్లో, బేస్‌బాల్ ఆడతాడు. పరుగు మధ్యలో ఆగే మజిలీని బేస్ అంటారు; ఆ వయసు పిల్లలు బంతి బ్యాటర్ దాకా వచ్చేవరకు తామున్న బేస్ వదలకూడదు. వీడియో కాల్‌లో చూస్తుండగా ఒకడు అరడుగు ముందే కదిలాడు, అంపైరేమో వేలు చూపించి నవ్వేశాడు. నేను పెసరట్టు పక్కన పడేసి "అన్యాయం" అని అరిచాను గానీ మ్యూట్‌లో ఉన్నానట.

అసలు పెద్దవాళ్లే దారి తప్పించారు. 1983 జులై 24న న్యూయార్క్‌లో బేస్‌బాల్ ఆటగాడు జార్జ్ బ్రెట్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే, బ్యాట్ మీద పట్టు కోసం రాసే తారు 18 అంగుళాలు దాటి పూశాడని అంపైర్లు ఔటిచ్చారు. టేపు లేకపోతే బ్యాటర్ దగ్గర నేల మీదుండే 17 అంగుళాల పలక, హోమ్ ప్లేట్, పక్కన పెట్టి కొలిచారు, దేవుళ్లు! లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ మాత్రం, బ్యాటుని తీసేస్తే సరిపోయేది, పరుగులు చెల్లుతాయన్నాడు. మిగిలిన ఆట ఆగస్టు 18న ఆడించారు కూడా.

అందుకే ఈ ఆదివారం నేనే అంపైరుగా దిగాను, మా ఊరి టైలర్ దగ్గర టేపు అడిగి తెచ్చుకుని మరీ. మట్ట కొలిచాను, ఐదున్నర అంగుళాలు. ఔట్. కుర్రాడు ఏడవలేదు, గొడవా పెట్టలేదు. టేపు కేసే చూసి, "తాతగారూ, పిచ్ 22 గజాలుండాలంట కదా, అదీ కొలిచేద్దామా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఇద్దరు పరిగెత్తి రెండు వైపులా కూర్చున్నారు. పదిహేడు గజాల చిల్లర వచ్చింది.

అప్పటికి అదే పిచ్ మీద మా మనవడు ముప్పై నాలుగు కొట్టి ఉన్నాడు.

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. చేను కదండీ, గట్టు అడ్డం వచ్చింది, పిల్లల కాళ్లు చిన్నవి, పైగా ఎండ. మట్ట తిరిగిచ్చేసి, "కానివ్వండ్రా, ఆడండి" అన్నాను.