కాస్త నీళ్లు తాగండి, దిగిపోతుంది

మనవాడికి పొట్ట తగ్గించే ఆపరేషన్ అయి ఇది తొమ్మిదో వారం. స్లీవ్ అంటారే, అది. సంచిలాంటి జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. మొదట్లో అందులో పట్టేది 100, మహా అయితే 150 మిల్లీలీటర్లు. తేట ద్రవాలు, చిక్కటి ద్రవాలు, మిక్సీ పట్టిన గుజ్జు, చెంచాతో నొక్కితే నలిగే తిండి, ఇలా మెట్టు మెట్టుగా గట్టి తిండి దాకా వచ్చాడు. ఎక్కడా తడబడలేదు. ఆ ధీమాతోనే నిన్న రాత్రి విందుకి వెళ్లాడు.

లెక్కలన్నీ నోటికొచ్చు. భోజనానికి అరగంట ముందే నీళ్లు ఆపేశాడు. తిన్నాక ఇంకో అరగంట దాకా ముట్టుకోడు. కూల్‌డ్రింక్ వద్దన్నాడు, ఆ గ్యాస్‌కి లోపల చోటేదీ? ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయలు, చోటు మిగిలితే తక్కినవి. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ పడాలి, గుడ్డు తింటే వచ్చేది ఆరే గ్రాములు. కాబట్టి చికెన్ వైపు తిరిగాడు. చిన్న ప్లేటు, చిన్న చెంచా, బొటనవేలి గోరంత ముక్క. మూడు ముక్కలు బుద్ధిగా దిగాయి.

నాలుగోది నోట్లో ఉండగా ఎదుటి కుర్చీలో ఆయన అడిగాడు, "ఇంతకీ ఎన్ని కిలోలు తగ్గావోయ్?"

ఇక్కడ కాస్త ఆగాలి. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన డైట్ చార్టు మనవాడింట్లో ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. "ఆహారమును బాగుగా నమిలి భుజించవలెను" అని ఉంటుంది అందులో. బాగుగా అంటే ఎన్నిసార్లని అడిగితే పాతిక, ముప్పై అని నోటిమాటగా చెప్పారు. ముద్దకీ ముద్దకీ మధ్య చెంచా కింద పెట్టమన్నారు, భోజనాన్ని అరగంట సాగదీయమన్నారు. బానే ఉంది. పన్నెండోసారి నములుతుండగా ఎవరైనా ప్రశ్న వేస్తే ఏం చేయాలో మాత్రం చార్టులో లేదు. వేలెత్తి ఆగమంటే పొగరనుకుంటారు. నిండు నోటితో చెబితే పక్కవాడి చొక్కాకి ప్రమాదం. ఇలాంటప్పుడు మనవాడి నోటికి 40 ఏళ్లుగా తెలిసిన ఉపాయం ఒక్కటే, గుటుక్కున మింగేయడం. పొట్టకి ఆపరేషన్ చేశారు గానీ నోటికి ఎవరు చేశారు? మింగాడు. "18 కిలోలు" అన్నాడు. ఆ "కిలోలు" దగ్గరే బండి ఆగిపోయింది.

చికెన్‌లో బ్రెస్ట్ ముక్క, అందులోనూ పొద్దున వండి రాత్రికి మళ్లీ వేడి చేసింది, తడి ఆరిపోయి పీచుపీచుగా తయారవుతుంది. మామూలు పొట్టయితే దాన్ని పక్కకి నెట్టి తన పని చూసుకునేది. ఈ గొట్టంలో అది సీసాకి బిరడాలా కూర్చుంటుంది. ముందు రొమ్ము ఎముక వెనక బరువు. తర్వాత ముక్కు కారడం. నవ్వకండి, ఈ ఆపరేషనైన కొందరికి ఇక చాలని కబురు చెప్పేది ముక్కే. ఇంకొందరికి వెక్కిళ్లు, తుమ్ములు. ఆపైన నోట్లో ఊట. ఇరుక్కున్నదాన్ని జార్చేద్దామని ఒళ్లు పాపం లాలాజలం మీద లాలాజలం పంపిస్తుంది. అదీ దిగదు. తెల్లగా, జిగటగా, సబ్బు నురగలా పైకొస్తుంది. మనవాడు పెదవులు బిగించి, మొహాన చిరునవ్వు నిలబెట్టి, జేబులో రుమాలు కోసం వెతుకుతున్నాడు.

"అయ్యో, పట్టేసినట్టుంది! నీళ్లు, నీళ్లు!"

బిరడా పెట్టిన సీసా మీద నీళ్లు పోస్తే ఎక్కడికి పోతాయో చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఆ గదిలో చిన్నపిల్లలు లేకపోయారు. క్షణంలో నాలుగు గ్లాసులు వచ్చాయి. వద్దని చెయ్యూపితే మొహమాటం అనుకున్నారు. కిలోల లెక్క అడిగినాయన లేచొచ్చి వీపు మీద రెండు చరిచాడు. ఇంటావిడైతే "కాస్త తాగండి అన్నయ్యగారూ, దిగిపోతుంది" అని గ్లాసు మొహం ముందే పట్టుకుని నిలబడ్డారు. తాగకూడదని మనవాడికి తెలుసు. తెలిసే, మర్యాదకి ఒక్క గుక్క తాగాడు. ఆ గుక్కా, అంతకుముందు నురగా జంటగా వచ్చిన దారినే బయల్దేరాయి.

చేయాల్సిందల్లా తినడం ఆపి, లేచి, నాలుగడుగులు అటూ ఇటూ వేస్తూ, వచ్చిన నురగ ఊసేస్తూ ఓపిక పట్టడం. చాలాసార్లు ముక్క తనే దిగుతుంది, లేకపోతే తనే పైకొస్తుంది. గంటలు గడిచినా ఉమ్మి కూడా మింగుడుపడకపోతే అప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఈ పాఠమంతా మనవాడు బాత్‌రూమ్ అద్దం ముందు పొల్లుపోకుండా అప్పజెప్పుకున్నాడు, బయట ఎవరో తలుపు తట్టి "నీళ్లేమైనా కావాలా?" అని అడుగుతుండగా.

ఇరవై నిమిషాలకి దిగింది. తిరిగొచ్చేసరికి ప్లేటు తీసేసి ఐస్‌క్రీమ్ కప్పు పెట్టారు. "ఇది మెత్తగా ఉంటుంది, గొంతుకి హాయి." మెత్తనే. ఎంత వేసినా ఆగకుండా జారిపోతుంది, ముక్కుకి కబురే అందదు, దాంతో వచ్చిన చిక్కంతా అదే. పైగా అంత చక్కెర ఒక్కసారిగా పేగులో పడితే అరగంట తిరక్కుండా గుండెదడ, చెమటలు పట్టుకోవచ్చు. ఓ దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఈ ఉదయం ఇంటావిడ మనవాడి భార్యకి ఫోన్ చేశారు. "అన్నయ్యగారికి మా వంట నచ్చినట్టు లేదు వదినా, ఏమీ తినకుండానే వెళ్లిపోయారు." మిగిలిన చికెన్ డబ్బాలో పెట్టి పంపిస్తున్నారట. మళ్లీ కాస్త వేడి చేసుకుంటే సరిపోతుందట.