జెనీవాకు మన కానుక: సీట్ బెల్ట్ క్లిప్పు

సీట్ బెల్ట్ క్లిప్పు తెలుసుగా? బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్ కుయ్ మంటూ ప్రాణం తోడేస్తుంది కదా, దాని నోరు మూయించే ఇనప ముక్క. బెల్టు దూర్చాల్సిన చోట దీన్ని టక్కున దూర్చేస్తే చాలు, అయ్యగారు బెల్టు పెట్టుకున్నారని కారు పాపం నమ్మేస్తుంది. అసలు బెల్టు కారుతోపాటే వచ్చింది, దాని మొహం ఎవరూ చూడరు. క్లిప్పు మాత్రం డబ్బులిచ్చి మరీ కొంటారు.

2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ క్లిప్పుల అమ్మకం ఆపమని ఐదు ఈ-కామర్స్ కంపెనీలకు చెబితే 13,118 లిస్టింగులు తీశారు. అప్పట్లో కొందరైతే దీన్ని సీసా మూత తీసే ఓపెనర్ పేరుతో అమ్మారట. ఎంత ముందుచూపో చూడండి! డ్రైవరు పక్కన ఒకే వస్తువు, మూత తీస్తుంది, కారు నోరు మూస్తుంది. పోలీసులకు కూడా శ్రమ తగ్గుతుంది, రెండు కేసులకూ ఒకటే సాక్ష్యం.

ఇంతటి ఆవిష్కరణ ఇంకా జెనీవా చేరలేదంటే నాకు బాధగా ఉంది. అక్కడ ఐక్యరాజ్యసమితి కింద డబ్ల్యూపీ 29 అని ఒక వేదిక ఉంది. ఏ బండి ఏ తరగతి, ఏ దీపం ఏ రంగు, గుద్దుకుంటే లోపలివాళ్లు ఎలా బతకాలి అని దేశాలన్నీ కూర్చుని తేలుస్తాయి. 1958 ఒప్పందంలో ఉన్న దేశాలు, తాము పాటించే నిబంధనలకు ఒకరిచ్చిన సర్టిఫికెట్‌ను ఇంకొకరు ఒప్పుకోవాలి. మనం అందులో లేం. 2006లో 1998 ఒప్పందంలో చేరాం, అందులో అంత బలవంతం లేదు. ఓటేసి ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకోవచ్చు, చదివింపులు అడగని పెళ్లి భోజనంలాగా.

అక్కడి బండ్ల తరగతుల పేర్లు మాత్రం బాగానే వంటబట్టాయి. కారు ఎం1, ఆటో ఎల్5. డ్రైవరు కాక ఎనిమిది మందికి మించి సీట్లుండి, బరువు ఐదు టన్నులు దాటకపోతే ఎం2. సాయంత్రం ఊరెళ్లే షేర్ ఆటో చూస్తే, స్టాండులో ఎల్5గా బయల్దేరి రెండో స్టాపుకే ఎం2 అయిపోతుంది. ఏ సర్టిఫికెట్టూ అడగదు.

ఇక కొత్త కారు పూజ. మన అసలు సేఫ్టీ స్టాండర్డ్ అదే. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, ముందు ఒక గుమ్మడికాయ, పంతులుగారు మంత్రం, బావగారు వీడియో. అమ్మమ్మ దిష్టి తీస్తుంది. నిమ్మకాయలు చితికాయా లేదా అని ముగ్గురు వంగి చూస్తారు, ఒకటి పక్కకు జారితే బండి వెనక్కి తీసి మళ్లీ తొక్కిస్తారు, అంత కచ్చితత్వం ఏ క్రాష్ ల్యాబులోనూ ఉండదు. అయ్యాక అందరూ ఎక్కుతారు. మూడేళ్ల పిల్లాడు ముందు సీట్లో నాన్న ఒళ్లో. కారు కుయ్ మంటుంది. "ఆ క్లిప్పు ఏదిరా?"

నవ్వడం ఇక్కడితో ఆపుతున్నాను. కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు వేసే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్. అది 2014లో మన దగ్గర అమ్మే, ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను గుద్దించి చూస్తే సున్నా స్టార్లు వచ్చాయి. యూరప్‌లో అదే పేరుతో అమ్మే కారుకు ఎయిర్‌బ్యాగులు ఎవరూ అడగకుండానే వస్తాయి. ఇలా గుద్ది చూడాలన్న రూలు మన దగ్గర కొత్త మోడళ్లకు 2017 అక్టోబరులో గానీ రాలేదు. అడిగితే ఒకటే పాట, మన పరిస్థితులు వేరు, మన ధరలు వేరు. ఏం వేరండీ? మన పక్కటెముకలు వేరా? స్టీరింగు మన ఛాతీకి తగిలితే మెత్తగా తగులుతుందా? 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లే 16,715 మంది. అదే ఏడాది సర్కారువారు ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అన్నారు, తర్వాత ఒక ఏడాది పాటు వాయిదా అన్నారు, ఆ ఏడాదీ వచ్చేసరికి అక్కర్లేదు పొమ్మన్నారు. సిగ్గుండాలి.

వెనక సీట్లోవాళ్లు బెల్టు పెట్టుకోవాలన్న రూలు కూడా ఎప్పటి నుంచో ఉంది. ఏ యాక్సెసరీస్ షాపుకైనా వెళ్లి కొత్త సీటు కవర్లు వేయడం చూడండి. వెనక సీటు బకిల్సు మూడింటినీ కుర్రాడు లోపలికి నెట్టేసి, పైన కవరు లాగి బిగించేస్తాడు. అదేంటి బాబూ అంటే, "వెనక బీప్ రాదు కదా సార్."