చెరిపేశామన్న కాగితానికి చిత్తూరు నుంచి విన్నపం

మహారాజశ్రీ 'డేటా మొత్తం చెరిపేశాం' ధ్రువపత్రం గారి దివ్య సముఖమునకు,

చిత్తూరు నుంచి ఒక ఫేస్‌బుక్ ఖాతాదారుడు చేసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి.

తమరి మహిమ లోకానికి 2018లో తెలిసింది. అలెగ్జాండర్ కోగన్ అనే పరిశోధకుడు మీ మనస్తత్వం చెబుతానంటూ ఒక క్విజ్ యాప్ పెట్టాడు. ఫేస్‌బుక్ లెక్క ప్రకారమే మన దేశంలో దాన్ని వేసుకున్నది 335 మంది. వివరాలు పోయి ఉండొచ్చన్నది 5,62,455 మందివి! మిగతావాళ్లు చేసిన పాపమల్లా ఆ 335 మందితో స్నేహం చేయడమే. పెళ్లిపత్రికలో 'సపరివార సమేతంగా' అని పిలిచినట్టు, ఒకడు సరేనంటే వాడి స్నేహితులనూ కలిపి యాప్‌లకు వడ్డించిన రోజులవి. 2015లో గానీ ఆపలేదు.

ఆ సరుకు కోగన్ చేతుల మీదుగా, ఎన్నికల ప్రచారాలకు సలహాలమ్ముకునే కేంబ్రిడ్జ్ ఎనలిటికా అనే కంపెనీకి చేరింది. డెవలపర్లు అలా చేతులు మార్చకూడదని నిబంధన లేదా అంటే, ఉంది, నిక్షేపంగా ఉంది. 2015 చివర్లో పత్రికలో గుట్టు రట్టయ్యాక ఫేస్‌బుక్ చెరిపేయమంది, కోగన్, ఎనలిటికా వాళ్లు చెరిపేశామని రాసిచ్చారు. అదే తమరి అవతారం. ఎనలిటికాలో పనిచేసి బయటికొచ్చిన క్రిస్టఫర్ వైలీ ఇంటికీ 2016లో వేంచేశారు. గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, పోస్టులో వేస్తే సరిపోయిందట. కంప్యూటర్ తెరిచి చూసిన నాథుడు లేడని ఆయనే చెప్పాడు.

తమరి వంశం మా దాకా వచ్చింది. "రేణిగుంట దగ్గర ప్లాట్లున్నాయి సార్" అని ఒకమ్మాయి ఫోను. నా నంబరు ఎక్కడిదమ్మా అంటే "డేటాలో ఉంది సార్" అంది. తీసేయమంటే "తీసేశాం సార్" అంది. వారం తిరక్కుండా అదే గొంతు, ఈసారి ఏర్పేడు దగ్గర ప్లాట్లు.

మా జిల్లాలో మాట మీద అనుమానమొస్తే "కాణిపాకం వస్తావా?" అంటాం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయాలి. చాలామంది బస్టాండులోనే నిజం కక్కేస్తారు: "ఇంకో హార్డ్‌డిస్కు అటక మీద ఉంది సామీ" అని. తమరి దగ్గరేమో, రాసిచ్చేవాడికీ తీసుకునేవాడికీ తడే అంటదు.

కావున ఇకమీదట ఎవరు సంతకం పెట్టినా, తమరు కాణిపాకం మీదుగా దయచేయవలెను. 2019లో అమెరికాలో 500 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్న ఫేస్‌బుక్ కంపెనీకి చిత్తూరు నుంచి బస్సు చార్జీ ఒక లెక్కా?

ఇట్లు,
ఎవరి స్నేహితుల జాబితాలోనో ఉన్నవాడు