పాత స్టాక్ మీద సుత్తి వద్దండి

మీ వ్యాసంలో, పాత రైఫిల్‌లో భుజానికి ఆనించే చెక్క భాగమైన స్టాక్‌కి తోలు బిగించడానికి చెక్కకే రంధ్రాలు వేసి రాగి రివెట్లు (చివర అణచి బిగించే మేకుల్లాంటివి) కొట్టమన్నారు. తోలు కోత గురించి చాలా బాగా రాశారు గానీ, ఈ సలహా మాత్రం దయచేసి మార్చండి. రివెట్ తోలునీ తోలునీ కలిపి గట్టిగా పట్టుకుంటుంది. దశాబ్దాలుగా ఎండిన వాల్‌నట్ చెక్క మీద సుత్తి దెబ్బ పడితే మాత్రం నార వెంబడి చీలిక వచ్చేస్తుంది. ఆ రంధ్రం ఇక పూడదు, స్టాక్ విలువా పోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ స్నైపర్ రైఫిల్ ఎం1సి గారండ్ చూడండి. తూటాల క్లిప్పు పైనుంచి పెట్టాలి కాబట్టి టెలిస్కోపును ఎడమకు జరిపారు. దాంతో చెంప ఆనడానికి తోలు ప్యాడ్ అవసరమైంది. దాన్ని బూట్ల లేసులా తోలు తాడుతో అల్లి బిగించారు. తాడు విప్పితే ప్యాడ్ ఊడి వస్తుంది.

రివెట్లే కావాలంటే కవర్‌ను విడిగా, ఇనుప దిమ్మ మీద పెట్టి కొట్టుకోండి. రివెట్‌కి వాషర్ (రంధ్రమున్న చిన్న బిళ్ల) దిగాక దాని కాడను ఒకటిన్నర మిల్లీమీటర్లు వదిలి కత్తిరించి, చిన్న చిన్న దెబ్బలతో గుండ్రంగా అణచాలి. లోపలి తలల మీద పలుచటి తోలు అతికించడం మరవకండి. తోలులోని నూనె తగిలి రాగికి పచ్చటి చిలుము పడుతుంది, అది చెక్కకు అంటుకుంటుంది. తర్వాత కవర్‌ను స్టాక్‌కి తొడిగి తాడుతో లాగి కట్టేయండి.